అడుగు నీటి చలి

కార్తీకమాసమైనా ముత్యాలమ్మపాలెం ఒడ్డుకు పడవలు నిండుగా వస్తున్నాయి. పూర్వం ఈ నెలలో వలలు తేలిగ్గా ఉండేవి. వేసవి గాలులకు అడుగునున్న చల్లనీరు పైకొచ్చి చేపలకు మేత తెచ్చేది. వానలు వెళ్ళాక నదుల వరదనీరు తేలికగా పైన పరుచుకునేది, దాని కింద వేడినీరు సముద్రపు నేల దాకా దిగేది, మేత కరువయ్యేది. ఇప్పుడు ‘అడుగుతోడు’ ఉంది. ఒడ్డు నుంచి నీళ్ళ కింద సాగే తీరపుమెట్ట అంచు దాటి, అగాధంలోని చల్లనీటిని తోడి ఏడాది పొడవునా మెట్ట మీదికి వదిలే యంత్రం అది. సముద్రానికి ఒకే రుతువు మిగిలింది.

ఆ యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం పరదేశమ్మది. ఐదు రోజుల కిందట ఆమె అన్న మసేను పడవ మీంచి జారి నీళ్ళలో పడ్డాడు. మళ్ళీ కనపడలేదు.

ఆ ఉదయం వదిన పోలమ్మ యంత్రకేంద్రానికి వచ్చి గుమ్మంలోనే కూలబడింది.

“మూడోనాటికి తేల్తారు గదే పరదేశీ. మా అయ్య తేలేడు, మా చిన్నాన్న తేలేడు. మీయన్నేటి, ఇంకా రానేదు?”

పరదేశమ్మ తెర మీది అంకెల వంక చూసింది. “అడుగున నీళ్ళు బాగా చల్లగున్నాయొదినా. ఆ చలికి శవం ఉబ్బదు. ఉబ్బకపోతే తేలదు.”

“అంటే నా మడిసిని ఐసులో ఎట్టేరా?”

యంత్రాన్ని రూపొందించినవాళ్ళు చేపల గురించి ఆలోచించారు, తుఫాన్ల గురించి ఆలోచించారు. మునిగిపోయినవాళ్ళు వాళ్ళ తలపులోకే రాలేదు.

ఆమె లేచి యంత్రాన్ని ఆపేసింది. పైవాళ్ళకు మరమ్మతని రాసింది.

వేడిపొర నెమ్మదిగా దిగసాగింది. యంత్రం ఆపిన మూడోనాటికే పడవలు సగం ఖాళీగా వచ్చాయి. కారణం అందరికీ తెలుసు, అయినా యంత్రం వెయ్యమని ఎవరూ అడగలేదు. ఆరోనాటి పొద్దున్న ఒక శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. పోలమ్మ, వెనకే పరదేశమ్మ పరుగున వెళ్ళారు. ముఖం పోల్చుకునేలా లేదు. ఎడమచేతికి నాలుగు వేళ్ళే ఉన్నాయి, అదీ పాతగాయం. మసేనుకు ఐదూ ఉండేవి.

ఇంతలో పరదేశమ్మ మణికట్టు మీది వార్తాపలక వెలిగింది. పైవాళ్ళు దూరం నుంచే యంత్రాన్ని మళ్ళీ నడిపించారు.

“మళ్ళీ ఏసీసేరా?” అడిగింది పోలమ్మ.

“ఏసీసేరొదినా. నన్నూ తీసీసేరు. ఇంక నా చేతిలో నేదు.”

పోలమ్మ శవం పక్కన కూర్చుని, దాని ముఖం మీది ఇసుకను చెంగుతో తుడిచింది.

“ఈ మడిసి కోసం ఏ ఊర్లోనో ఓ ఆడది కాసుకోనుంటాది. ఎవలో కనుక్కో,” అంది. “దాన్ని నాలాగ కూకోనియ్యకు.”