సీటు ఖాళీ

తెల్లారేసరికి వరండాలో టకటకమని సుత్తి చప్పుడు మొదలైంది. వంటింట్లో పాలగిన్నె దించుతున్న కోడలు, మామగారు మళ్ళీ దేన్నో బాగుచేస్తున్నారనుకుని తన పనిలో పడింది. ఆ ఇంట్లో సుత్తి చప్పుడు వినబడితే వింత కాదు, వినబడకపోతేనే వింత.

ఆయన్ని అందరూ పానాల పెద్దాయన అనేవారు. పానా పట్టుకుని ఆయన వీధిలో నడుస్తుంటే, మొరాయించిన మోటార్లు భయపడి వాటంతటవే తిరిగేవట. ఒకసారి ఎవరిదో రేడియో విప్పి బిగిస్తే, అంతకుముందు రాని స్టేషన్లు కూడా పలకడం మొదలుపెట్టాయట. అందులో ఒకటి రేపటి వార్తలు ఇవాళే చెప్పేదట. రేడియోగలాయన హడలిపోయి, దాన్ని తిరిగి పాడుచేసి పెట్టమని బతిమాలుకున్నాడట. నమ్మినవాళ్ళు నమ్మారు. నమ్మనివాళ్ళు మాత్రం ఏం చేశారు? తమ రేడియోలు కూడా తెచ్చిచ్చారు.

అత్తగారు పోయాక ఆ చప్పుడులో జోరు తగ్గింది. ఏడుపులు అయ్యాయి, వచ్చినవాళ్ళు వెళ్ళారు, ఇల్లు మొద్దుబారిపోయింది. పళ్ళ డాక్టరు సూది పొడిచాక దవడ ఎలా ఉంటుందో అలా ఉంది. ఉన్నట్టు తెలుస్తుంది, నొప్పి మాత్రం తెలియదు. కోడలి మొగుడు నిలబడే గబగబా తిని పనికి పోతాడు. మామగారు పళ్ళెం పట్టుకుని పెరటి మెట్ల మీదకు వెళ్ళిపోతారు. తను అందరిదీ అయ్యాక ఎప్పుడో తింటుంది. మామగారి పళ్ళెం ఎప్పుడూ ఖాళీగా, కడిగి మరీ తిరిగొచ్చేది. పాపం, నాకు పని తగ్గిస్తున్నారు అనుకునేది కోడలు.

ఆ ఇంట్లో ఒళ్ళు చేసింది ఒక్క కుక్కే. దాని పేరు దొర. ఇదివరకు గేటు కిందనుంచి బాణంలా దూరి పోయేవాడు, ఇప్పుడు గేటు తియ్యమని మొరుగుతున్నాడు. పిల్లి ఎదురైతే తరమడం మానేసి, ఓపికుంటే నువ్వే ఇటు రా అన్నట్టు చూస్తున్నాడు.

ఆ పొద్దున మామగారు బెల్టు బిగించుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చారు.

"అమ్మాయ్, మీ ఆయనతో చెప్పు. చేను ముదిరిపోతోంది, ఇవాళ కోత మిషను దించుతున్నానని."

ఆ మీ ఆయన చేయి చాస్తే అందేంత దూరంలో నిలబడి తింటున్నాడు. "మీ మామగారితో చెప్పు. దించితే దించమను. ఎక్కడన్నా ఆగితే మాత్రం ఏదీ విప్పద్దను. కంపెనీకి ఫోన్ చేస్తాను."

"ఇద్దరికీ చెవులున్నాయిగా? నన్నెందుకు టెలిఫోను తీగను చేస్తారు?" అంది కోడలు.

ఇదివరకైతే ఆ మాటకి అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వేది. ఇప్పుడెవరూ నవ్వలేదు. వాళ్ళ మధ్య దెబ్బలాటేమీ లేదు, అదీ విచిత్రం. ఆవిడ ఉన్నప్పుడు ఇద్దరూ ఆవిడతోనే మాట్లాడేవారు. ఆవిడ పోయాక ఒకళ్ళతో ఒకళ్ళు ఎలా మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు.

మొగుడు మార్కెట్ యార్డులో కాటా గుమాస్తా. బస్తా మోసేవాడి నడక చూసి, బస్తా బరువు ఎంతో, ఎంత తరుగు పోతుందో చెప్పేసేవాడు. కాటా తర్వాత వచ్చి ఆ మాటే ఖాయం చేసేది. పెళ్ళైన కొత్తలో పెళ్ళాం బరువు కూడా అలాగే ఓ చూపులో చెప్పేసి, ఆ పూటంతా పస్తున్నాడు.

పాత కోత మిషను అమ్మి కొత్తది కొన్నది కూడా అతనే. పాతదాన్ని ఎక్కడ కావాలంటే అక్కడ విప్పేవారు పెద్దాయన. కొత్తదానికి అన్నీ చుక్కల్లాంటి తలలున్న స్క్రూలు. ఆయన పెట్టెలో ఏ పానాకీ లొంగవు. ముఖ్యమైన చోటల్లా ఎర్ర సీలు, దాని మీద 'కంపెనీ వారు తప్ప విప్పరాదు' అన్న అక్షరాలు. అత్తగారికి మాత్రం అది భలే నచ్చింది. దాని మెట్టు వెడల్పుగా ఉందని. మధ్యాహ్నం క్యారేజీ తీసుకెళ్ళి, ఆ మెట్టు మీద పెద్దాయనకి ఎదురుగా కూర్చుని తినేది.

ఇల్లు దాటితే చేనే. ఇంజను చప్పుడు వంటింట్లోకి వినిపించింది. ఆగింది. మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది. కోడలు పొయ్యి కట్టేసి వెళ్ళింది.

మామగారు సీటులో నిటారుగా కూర్చుని ఉన్నారు. ఎదురుగా తెర మీద పెద్ద పెద్ద అక్షరాలు: సీటు ఖాళీ.

"చదువమ్మా, ఏమంటోందో," అన్నారాయన.

"సీటు ఖాళీ అంటోంది మామయ్యా."

"మరి నేనెవర్ని?"

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. ఆయన పరాచికమాడడం లేదు.

కబురు అందుకుని మొగుడు, కంపెనీ మనిషి ఇద్దరూ వచ్చారు. కంపెనీ మనిషి కుర్రాడే, మర్యాదస్తుడు. మిషనుకి వైరు తగిలించి తన డబ్బాలో చూశాడు.

"సీటులో మనిషి లేడనుకుంటోంది సార్. మనిషి జారిపడితే కత్తులు ఆగిపోవాలిగా, అందుకని సీటు కింద స్విచ్ పెట్టారు."

"మంచి పనే చేశారు. కానీ నేను పడలేదే!"

"సీటు మొత్తం మార్చాలి. పైనుంచి రావాలి."

"పైనుంచంటే? దేవుడి దగ్గర్నుంచా?"

"హెడ్డాఫీసు నుంచి సార్."

"అయితే దేవుడే దగ్గర. విప్పి చూస్తే పోలా నాయనా? మరెందుకు ఇంత తతంగం?"

"సీలు తెగితే బండి లాకైపోతుంది, గ్యారంటీ పోతుంది. నేను కూడా విప్పకూడదు సార్. మాకు మార్చడమే గానీ చూడడం లేదు."

మొగుడు ఎక్కి కూర్చున్నాడు. ఇంజను గుర్రుమంది, ఆగనే లేదు. సీటు పనిచేస్తున్నట్టా, చెయ్యనట్టా? కంపెనీ మనిషి తల గోక్కున్నాడు. మొగుడు ఆకాశం వైపు చూశాడు. పడమట మబ్బు కడుతోంది.

"డ్రైవర్ని పెడదాం," అన్నాడు పెళ్ళాంతో. "నాన్నని ఇంక ఇంట్లో కూర్చోమను."

"ఇంట్లో కూర్చుంటే మాత్రం ఎవరికి తెలుస్తుందిలే, కూర్చున్నట్టు," అన్నారు మామగారు. కోపంగా కాదు. పక్కవాళ్ళ సంగతి చెబుతున్నట్టు అన్నారు. అలా అని చేతులు తుడుచుకుని నడిచి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని కోడలు ఇల్లంతా వెతికింది. ఆయన షెడ్డులో, కొడుకు సాయంత్రం తోలుకొచ్చి పెట్టిన మిషను మీద ఉన్నారు. తన పాత పానా ఒకదాన్ని ఆకురాయితో చుక్కలా అరగదీసి, స్క్రూలన్నీ ఊడదీశారు. సీటు దిండు పక్కన పడి ఉంది, ఎర్ర సీలు తెగి వేలాడుతోంది. ఆయన అరచేతిలో చిన్న నల్లటి స్విచ్, ఒళ్ళో మీటరు. తెర ఎర్రగా మెరుస్తోంది: అనుమతి లేని మరమ్మతు.

వెనకాలే మొగుడు వచ్చాడు. చూశాడు. ఈసారి పెళ్ళాం వైపు తిరగలేదు.

"నాన్నా! ఏం చేశారిది?"

"విప్పాను."

"విప్పద్దని చెప్పానా లేదా? వాన నెత్తి మీదికొచ్చింది, బండి లాకైంది. ఇప్పుడు చేను ఎవరు కోస్తారు? దొర కోస్తాడా?"

"నా బండిరా ఇది. నా ఇంట్లో తలుపు గడియ ఊడితే బిగించుకోవడానికి ఎవరి కాళ్ళు పట్టుకోవాలి? చెడిందని అది చెప్పగానే సరిపోయిందా? ఏం చెడిందో చూసుకునే హక్కు నాకు లేదూ?"

"ఇది మీ పాత డొక్కు కాదు! మీ చేతులు ఊరుకోవు కాబట్టే..."

"చేతులు ఊరుకుంటే ఇంకేం మిగులుతుందిరా నాకు?"



"సరే, దిగండి ముందు," అన్నాడు కొడుకు.

ఆయన లేచి మెట్టు మీద కాలు పెట్టారు. కాలు తడబడింది. కొడుకు ఒక్క అంగలో ముందుకొచ్చి చంకల కింద చేతులేసి పట్టుకున్నాడు. పెద్ద బరువొచ్చి పడుతుందని కాళ్ళు ఊని, ఒళ్ళు బిగబట్టుకున్నాడు. అంత బరువు రాలేదు. తండ్రి అతని చేతుల్లోకి ఎండుగడ్డి మోపులా వచ్చేశాడు.

కోడలు మొగుడి మొహం చూసింది. బస్తా తూకంలో మోసం జరిగితే ఆ మొహం ఎలా మారుతుందో ఆమెకు తెలుసు. ఇది అది కాదు. అతను తండ్రిని కింద పెట్టలేదు, అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. బస్తా చూస్తే చాలు తూకం నోటితో చెప్పేసేవాడు. ఈ తూకం మాత్రం నోట్లోంచి రాలేదు.

"దింపరా, కితకితలవుతున్నాయి," అన్నారు మామగారు.

దింపాడు. అప్పుడు కోడలి చూపు ఆ బెల్టు మీద పడింది. కంపెనీవాడు పెట్టిన గుండ్రటి కన్నాలు అయిపోయాక, వంకరటింకరగా మేకుతో పొడిచిన కన్నాలు ఒకదాని తర్వాత ఒకటి లోపలికి పోతున్నాయి. నిన్నటి టకటక ఎక్కడిదో ఆమెకు తెలిసింది. ఆ ముందు వినబడ్డ టకటకలు కూడా. కడిగిన పళ్ళెం కళ్ళ ముందు తిరిగింది. షెడ్డు గుమ్మంలో తోక ఆడిస్తూ నిలబడ్డ దొర, ఆ గుమ్మం నిండా ఉన్నాడు.

"అన్నమంతా వీడికా మామయ్యా?" అంది. 

ఆయన తప్పుచేసిన పిల్లాడిలా స్విచ్‌ని అరచేతిలో అటూ ఇటూ దొర్లించారు.

"ఇది బాగానే ఉందమ్మా. మీటరు పెట్టి చూశాను. వేలితో నొక్కితే పలుకుతోంది, నేను కూర్చుంటే పలకడం లేదు. దాని తప్పేముంది?"

"ఎందుకు నాన్నా?" అన్నాడు కొడుకు. చాలా కాలానికి తండ్రిని మెత్తగా అడిగిన మాట అది.

"ఏమోరా. ఇసుక నమిలినట్టుంటుంది. మీ అమ్మ ఎదురుగా కూర్చుని ఇంకొంచెం, ఇంకొంచెం అనేది, తినేవాణ్ణి. ఇన్నాళ్ళూ ఆ ఆకలి నాదే అనుకున్నాను. ఆవిడదని ఇప్పుడు తెలుస్తోంది."

కోడలు మెట్టు మీద కూలబడింది. అత్తగారు పోయిన నాడు కూడా అందరికీ మంచినీళ్ళు అందిస్తూ తిరిగిందే గానీ, ఆమెకు ఏడుపు రాలేదు. ఇప్పుడొచ్చింది. మొగుడు వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఊళ్ళోవాళ్ళ బస్తాలన్నీ తూచాను," అన్నాడు.  మామగారు ఇద్దరి ముందూ నిలబడి, ఏం చెయ్యాలో తోచక, చల్లారిపోయిన కాఫీ గ్లాసు తీసుకుని మొత్తం తాగేశారు. మొహం చిట్లించారు. అయినా తాగేశారు.

పొద్దెక్కాక కంపెనీ మనిషి వచ్చి, తెగిన సీలు చూసి నీళ్ళు నమిలాడు. "ఎవరు విప్పారు సార్?"

పెద్దాయన నోరు తెరిచేలోగా కొడుకు అన్నాడు. "మేం విప్పాం. మా బండి, మేమే విప్పుకున్నాం."

"గ్యారంటీ పోతుంది సార్."

"పోనీ. విప్పబట్టి తెలిసింది. మీరు చెప్పినట్టు కొత్త సీటు వేసుకుని ఉంటే ఎప్పటికీ తెలిసేది కాదు."

ఆ కుర్రాడికి సంగతి తెలియలేదు గానీ, ఇంకేం అడగలేదు. లాకు తీశాడు. పోతూ పోతూ పెద్దాయన్ని ఎగాదిగా చూసి, ఏదో అర్థమైనట్టు గొంతు తగ్గించి అన్నాడు. "ఎలాగూ గ్యారంటీ పోయింది కదా. స్విచ్ బరువు లెక్క కాస్త తగ్గించి వెళ్ళనా సార్? మీరు కూర్చుంటే ఆగదు."

"తగ్గించకు నాయనా," అన్నారాయన. "అది సరిగ్గానే ఉంది. మనిషి లేకపోతే లేడనే చెప్పాలి."

స్విచ్‌ని, దిండుని ఆయనే బిగించారు. కొడుకు యార్డుకి సెలవు పెట్టి మిషనెక్కాడు. మబ్బు నాలుగు చినుకులు రాల్చి తన దారిన పోయింది, చేను గట్టెక్కింది. కొడుకు మాత్రం కంచె పక్కన సన్నటి పట్టీ ఒకటి కొయ్యకుండా వదిలేశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. గింజ రాలుతోంది, పిట్టలు పండగ చేసుకుంటున్నాయి. అయినా అడగలేదు.

మధ్యాహ్నం ముగ్గురూ ఆ మెట్టు దగ్గరే తినడం మొదలైంది. కోడలు మామగారికి ఎదురుగా కూర్చునేది. ఇంకొంచెం అనడం ఆమెకు చేతకాలేదు, అది అత్తగారి మాట. ఊరికే తను తినడం ఆపి చూస్తూ కూర్చునేది. ఆ చూపు తట్టుకోలేక ఆయన తినేవారు. "రుచి తెలుస్తోందా నాన్నా?" అని కొడుకు అడిగితే, "లేదురా" అనేవారు. అని మళ్ళీ కలుపుకునేవారు. దొర దూరంగా కూర్చుని, తనకేదో అన్యాయం జరిగిపోయినట్టు మొహం పెట్టేవాడు.

రోజూ తిన్నాక ఆయన ఎక్కి సీటులో కూర్చునేవారు. సీటు ఖాళీ అనేది తెర. "సరే," అని దిగిపోయేవారు. తిట్టేవారు కాదు.

ఒకనాటి మధ్యాహ్నం కోడలు గిన్నెలు తీసుకుని ఇంటికొచ్చి, కుళాయి కింద పెట్టింది. చేనులో ఇంజను మొదలైంది. ఇప్పుడాగుతుందని ఆమె చూసింది. ఆగలేదు. నీళ్ళు గిన్నె నిండి పొర్లిపోతున్నాయి, ఆమె కుళాయి కట్టలేదు. చప్పుడు కంచె వైపు కదిలింది. పట్టీ పొడవునా వెళ్ళింది, తిరిగి వచ్చింది. కిటికీలోంచి చూస్తే, చేనుగట్టు మీద మొగుడు రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుని నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

సాయంత్రం మామగారు వరండాలో కూర్చుని బెల్టు విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ పూట దాన్ని ఒక కన్నం వెనక్కి పెట్టుకోవలసి వచ్చింది. మేకుతో పొడిచిన కన్నాలను వేలితో తడుముతూ కోడల్ని పిలిచారు.

"కన్నం పెట్టడం వచ్చు గానీ అమ్మాయ్, పూడ్చడం ఎలాగో నాకు తెలియడం లేదు."

"ఉండనివ్వండి మామయ్యా," అంది ఆమె, ముగ్గురి పళ్ళేలూ ఒకచోట పెడుతూ.