నలభై ఏడో వరుస

ఇండొనేషియాలోని యోగ్యకర్తాలో వానాకాలపు మధ్యాహ్నాలు ఇంతే. మూడింటికే గదిలో దీపం వెయ్యాలి. మనస్తత్వశాస్త్ర విభాగం కంప్యూటర్ గదిలో కూర్చుని వెనింగ్ తన థీసిస్ లెక్క చూసుకుంటోంది. నూట ఇరవై మంది విద్యార్థినుల చేత ప్రశ్నపత్రాలు నింపించింది. నింపిన ప్రతి పిల్లకూ ఒక మల్లెల సబ్బు కానుక.

ఆ లెక్క కష్టమేమీ కాదు. చివర తేలే అంకె ఐదు శాతం లోపుంటే పరిశోధన నెగ్గినట్టు, పైనుంటే వీగినట్టు. వెనింగ్‌కి ఐదున్నర వచ్చింది. నలభై ఏడో వరుస, అంటే ఒక పిల్ల జవాబులు, తీసేస్తే నాలుగు పాయింట్ తొమ్మిది. రేపు థీసిస్ ఇవ్వకపోతే ఏడాది పోతుంది.

పక్కన స్నేహితురాలు గెండిస్ వేయించిన టెంపే, సోయా ముక్కలు, నములుతూ తొంగిచూసింది. "ఏమే, తొమ్మిదో ప్రశ్నకి 'రోజూ' అని పెట్టిన పిల్లేనా ఇది?"

చచ్చిపోవాలనిపిస్తోందా? అదీ తొమ్మిదో ప్రశ్న. అలా పెట్టినవాళ్ళకి అదే రోజు ఫోన్ చేస్తానని పత్రం మీద సంతకం చేసింది వెనింగే.

"ఫోన్ చేశావా?"

"చేస్తే పరిశోధన కమిటీకి రాయాలి, ఆ పిల్లని డాక్టరు చుట్టూ తిప్పాలి. నాకు పోయే ఏడాదిని ఎవరు తెచ్చిస్తారు, మీ తాతా?"

"ఆ నంబరు మన హాస్టల్ పిల్లదే, దాని శవం గురువారం స్నానాలగది నీళ్ళతొట్టిలో దొరికిందే!"

"పత్రం మీద ఫోన్ నంబరే ఉంది, పేరు లేదుగా. పైగా చచ్చినవాళ్ళు లెక్క పాడుచెయ్యకూడదు," అని నవ్వి వరుస చెరిపేసింది.

"నీది గుండె కాదే, బండరాయి!" గెండిస్ గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

వరుసలు నూట పంతొమ్మిది.

బయట వాన హోరు. ఎక్కణ్ణుంచో మల్లెల సబ్బు వాసన... తడి వాసన. తెర మీద అంకె మారింది.

నూట ఇరవై.

మళ్ళీ చెరిపింది. మళ్ళీ నూట ఇరవై. నలభై ఏడో వరుస ఖాళీగా ఉంది... ఎవరో నింపాలన్నట్టు.

ఫోన్ మోగింది.

"అక్కా..." గుసగుస. గొంతులో నీళ్ళు గలగలమంటున్నాయి. "మొదటి ప్రశ్న. ఊరికే ఏడుపొస్తోందా?"

"ఎ... ఎవరు? లేదు!"

వరుసలో దానంతటదే పడింది: రోజూ.

రెండు... మూడు... ఫోన్ చెవికి అతుక్కుపోయింది. ఆమె 'లేదు' అన్నప్పుడల్లా తెర మీద 'రోజూ'.

"తొమ్మిదోది అక్కా..."

"లేదు! లేదు!"

రోజూ.

"ఇలా పెడితే అదే రోజు ఫోన్ చెయ్యాలి కదక్కా? నేను చేశాను."

ఫోన్ ఆగిపోయి చెవి నుంచి ఊడిపడింది. వరుసలు నూట ఇరవై, నలభై ఏడోది ఇప్పుడు తనది. ఫలితం నాలుగు పాయింట్ తొమ్మిది. సరిగ్గా తను కోరుకున్నట్టే.

వెనింగ్ మీటల మీద నుంచి చేతులు తీసింది. వేళ్ళ కొసలు తెల్లబడి ముడతలు పడి ఉన్నాయి... రోజుల తరబడి నీళ్ళలో నానినట్టు.