ఎడమ స్పీకర్లో ఎవరు?

"ఇలాంటివి నేను కళ్ళు మూసుకుని నడిపేస్తానండీ."

ఆ మాట మేనల్లుడి నోట్లోంచి జారిపోయింది. టేపునైతే వెనక్కి చుట్టుకోవచ్చు, నోరు జారిన మాటను ఏం చుట్టుకుంటాం?

రిపేరు షాపు అతని మామయ్యది. మామయ్య వారం రోజుల పని మీద ఊరెళ్తూ, "ఒరే, తెలిసినవి తీసుకో. తెలియనివి మామయ్య వచ్చాక అని చెప్పు," అని ఒకటికి పదిసార్లు చెప్పి వెళ్ళాడు. ఆంప్లిఫయర్లూ స్పీకర్లూ మేనల్లుడికి కొట్టిన పిండే. రీళ్ళ టేప్ రికార్డర్ని మాత్రం షాపు అటక మీద చూడడమే తప్ప చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు.

కానీ ఆ రోజు అలాంటిదాన్నే మోసుకొచ్చింది ఎవరనుకున్నారు? ఎదురుగా ఉన్న కళ్ళజోళ్ళ షాపు అమ్మాయి. ఆరు నెలలుగా ఆ షాపు అద్దంలోంచి ఆమెను చూడకుండా అతనికి పొద్దు గడవలేదు. అలాంటి మనిషి ఆయాసపడుతూ వచ్చి బల్ల ముందు నిలబడితే, తెలియదని చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

"కళ్ళు తెరిచే నడపండి, పర్లేదు," అందామె. "ఇది మా తాతయ్యది. చక్రాలు తిరగడం లేదు. ఈ చిన్న రీల్లో మా అమ్మమ్మ పాట ఉంది, నాలుగు నిమిషాలు. ఆవిడ పోయి పదేళ్ళయింది. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు. ఆదివారం తాతయ్య పుట్టినరోజు, అప్పటికి వినిపించాలి."

"అంతేగా."

"అంతే." ఆమె వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "అన్నట్టు, మీరు రోజూ మా షాపు వైపు కళ్ళు చిట్లించుకుని చూస్తుంటారు. ఒకసారి రండి, పవర్ చూస్తాను."

ఆమె రోడ్డు దాటేదాకా అతని చెవులు ఎర్రగానే ఉన్నాయి.

యంత్రానికి పెద్ద జబ్బేమీ లేదు. లోపల నూనె గడ్డకట్టింది. రెండు రోజులు తుడిచి, కొత్త నూనె వేసేసరికి చక్రాలు తిరిగాయి. ఇక నడపడం నేర్చుకోవాలి. మామయ్య సొరుగులోంచి ఖాళీ టేపు ఒకటి తీశాడు. ఎడమ రీలు నుంచి టేపు లాగి, మధ్యనున్న, శబ్దాన్ని చదివే హెడ్ల ముందు నుంచి, రబ్బరు చక్రం పక్క నుంచి తీసుకెళ్ళి, కుడి రీలుకి రెండు చుట్లు చుట్టాడు. మైకు గుచ్చాడు. రికార్డు స్విచ్చులు రెండున్నాయి, ఎడమకొకటి, కుడికొకటి. ఎడమది వేశాడు. రికార్డు మీట, ప్లే మీట కలిపి నొక్కితే ఎర్ర దీపం వెలిగింది. "ఒకటి, రెండు, మూడు," అనగానే సౌండు కొలిచే డయల్లో సూది ఊగింది. వెనక్కి తిప్పి వింటే తన గొంతే. ఇంతేనా అనుకున్నాడు.

ఆ ధీమాలోనే అమ్మమ్మ రీలు ఎక్కించాడు. స్పీకరు సౌండు తగ్గించి ఉంచాడు, ముందు సూది చూద్దామని. తుడిచే గుడ్డ యంత్రం అంచున వేశాడు. అది సరిగ్గా ఎర్ర దీపం మీద పడింది. పొద్దుటి నుంచి అలవాటైన రెండు వేళ్ళు రెండు మీటల్నీ కలిపే నొక్కాయి.

సూది ఊగింది. అమ్మమ్మగారు పాడుతున్నారనుకుని మురిసిపోయాడు. సాయంత్రం అయిదింటికి ఆ అమ్మాయి వస్తానంది. వస్తే ఏం మాట్లాడాలో ఒకసారి చెప్పి చూసుకుందామని, గోడకున్న క్యాలెండరు వైపు తిరిగి మొదలుపెట్టాడు. మాట్లాడుతూ, మధ్యలో తనను తానే దిద్దుకుంటూ, సూది వంక చూశాడు. అతను ఆగితే సూది పడుకుంటోంది. నోరు విప్పితే లేస్తోంది.

అతని నోట్లోంచి ఏదో వచ్చింది, ఏమన్నాడో అతనికే తెలియలేదు. గుడ్డ లాగితే కింద ఎర్ర దీపం వెలుగుతూ ఉంది, రీలు చివరికొచ్చేసింది.

వెనక్కి తిప్పి, ఆంప్లిఫయర్‌కి ఎడమ వైపు తెల్ల వైరు ఒక్కటే గుచ్చి విన్నాడు. మొదటి నుంచీ తన గొంతే. పాట లేదు.

అయిదింటికి ఆమె వచ్చింది. "అయిందా?"

"చక్రాలు తిప్పే బెల్టు తెగిందండీ." అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి అతనికే భయమేసింది. "రేపు రండి."

మర్నాడు కూడా అదే మాట. "ఎంత పొడవు బెల్టు?" అని ఆమె అడిగితే, నోటికొచ్చిన కొలత చెప్పాడు. ఆ రెండు రోజులూ అతను షాపు అద్దం వైపు చూడలేదు.  ఒక మనిషి గొంతు లోకంలో లేకుండా చేసి, ఆ పైన బెల్టు కథ ఒకటి అల్లినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

శనివారం వాన మొదలైంది. ఆమె తలుపు తోసుకుని వచ్చింది. చున్నీ నుంచి నీళ్ళు కారుతున్నాయి, కళ్ళజోడు మీద చినుకులు. గుప్పిట్లో ఒక రబ్బరు బెల్టు.

"నాలుగు షాపులు తిరిగాను. సరిగ్గా మీరు చెప్పిన కొలతే. చూడండి, సరిపోతుందేమో."

ఆ బెల్టు చూడగానే అతనికి భూమిలోకి దూరిపోవాలనిపించింది.

"బెల్టు తెగలేదండీ," అన్నాడు.

ఆమె బెల్టు బల్ల మీద పెట్టింది. అతను తల ఎత్తకుండా మొత్తం చెప్పాడు. ఈ యంత్రం తనకు రాదని చెప్పాడు. మైకు, గుడ్డ, రెండు మీటలు, ఏదీ దాచలేదు.

"ఎంత పోయింది?"

"అంతానండీ."

"దాని మీద ఏముంది?"

"ఏవో పనికిమాలిన మాటలు. నావి."

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తడి పోయాక కూడా తుడుస్తూనే ఉంది. "రెండు రోజులుగా మీరు నా మొహం చూడడం లేదు. మనుషుల కళ్ళు చూడడమే నా ఉద్యోగం. ఏదో ఉందనుకున్నాను. ఇది అనుకోలేదు." కళ్ళజోడు పెట్టుకుంది. "తాతయ్యకి నేను చెప్పలేను. రేపు పదింటికి వచ్చి మీరే చెప్పండి."

ఆదివారం యంత్రాన్ని గుండెకు హత్తుకుని వెళ్ళాడు. తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండు స్పీకర్ల మధ్య కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఆ చొక్కా చూశాక మేనల్లుడికి మాటలు తడబడ్డాయి. అయినా చెప్పాడు. మనవరాలు కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తోంది.

తాతయ్య యంత్రం మీది రీలు వంక చూశాడు.

"పెట్టు," అన్నాడు చివరికి. "మా ఆవిడ పాట మీద ఏం కూశావో వింటాను."

కాదనే హక్కు లేదు. తెల్ల వైరు గుచ్చి, ప్లే మీట ఒక్కటే నొక్కాడు. ఎడమ స్పీకర్లోంచి అతని గొంతు గట్టిగా వచ్చింది.

"చూడండీ, నేను మీ షాపు వైపు చూసేది కళ్ళు కనపడక కాదు. మీరు కనపడతారని. ఛ, ఇది బాలేదు. మీకు అభ్యంతరం లేకపోతే ఒకరోజు కాఫీకి... కాఫీ అంటే మరీ చవగ్గా ఉందేమో..."

మేనల్లుడు రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. కిటికీ దగ్గర మనిషి ఇటు తిరిగినట్టు తెలుస్తూనే ఉంది.

"ఆపు," అన్నాడు తాతయ్య. "ఒక స్పీకరే పలుకుతోందేం?"

"ఒక వైరే పెట్టానండీ. వినడానికి ఒకటి చాలని."

"షాపులోనూ ఇంతేనా?"

"ఇంతేనండీ."

"రికార్డు స్విచ్చులు రెండూ వేశావా?"

"ఎడమది ఒక్కటే."

తాతయ్య కుర్చీలోంచి లేచాడు. చేతికర్ర పక్కనే ఉన్నా తీసుకోలేదు. బల్ల సొరుగు వెతికి, కుడి వైపుకి గుచ్చే ఎర్ర వైరు బయటికి తీశాడు. "నేనా పాట ఎడమా కుడీ రెండు వైపులా రికార్డు చేశాను బాబూ. ఒకవైపు పాడైనా రెండోది ఉంటుందని." వైరు గుచ్చబోతే కొస చిల్లులో పడలేదు. మేనల్లుడు అందుకోబోయాడు.

"నువ్వు ముట్టుకోకు," అన్నాడు తాతయ్య. తనే గుచ్చాడు.

"మొదటికి తిప్పండి," అంది అమ్మాయి, దగ్గరికి వచ్చి. "కళ్ళు తెరుచుకుని."

అతను టేపు తిప్పాడు. "మైకు లేదు," అన్నాడు పైకే. "ఎడమ స్విచ్చు లేదు. కుడి స్విచ్చు లేదు. దీపం లేదు. మీట ఒక్కటే." నొక్కాడు.

ఎడమ వైపు అతని నసుగుడు. కుడి వైపు ఒక ఆడగొంతు, నవ్వు ఆపుకుంటూ పాట ఎత్తుకుంది. తాతయ్య ఎడమ సౌండు పూర్తిగా తగ్గించేశాడు. గదిలో అమ్మమ్మ ఒక్కతే మిగిలింది. ఒకచోట శ్రుతి తప్పి, "మీరలా చూస్తే ఎలా పాడేది?" అని కసిరి, మళ్ళీ అందుకుంది. తాతయ్య కళ్ళ నుంచి నీళ్ళు కారి ఇస్త్రీ చొక్కా మీద పడుతున్నాయి. అమ్మాయి ఆయన భుజం పట్టుకుని నిలబడింది. పాట అయ్యాక ఆవిడ, "చాలు, ఆపండి. నాకు సిగ్గేస్తోంది," అంది.

మేనల్లుడు టేపు ఆపాడు. "ఎడమ వైపు చెరిపేయమంటారా అండీ?"

"నీ చేతికి ఇంకో స్విచ్చు ఇవ్వను," అన్నాడు తాతయ్య. "అయినా అది నాది కాదు. ఎవరికోసం మాట్లాడావో వాళ్ళని అడుగు."

అమ్మాయి యంత్రం ముందుకు కుర్చీ లాక్కుంది. తనే టేపు వెనక్కి తిప్పి, కుడి సౌండు తగ్గించి, ఎడమది పెంచి కూర్చుంది. చివరిదాకా వింటానంది. కాఫీ సంగతి, చొక్కా రంగు సంగతి, మామయ్య ఒప్పుకుంటాడా అనే సంగతి, అన్నీ వచ్చాయి. మేనల్లుడు నేల చూస్తూ ఒక్కో మాటా భరించాడు. ఆఖర్న కాసేపు నిశ్శబ్దం. తర్వాత గొంతు మారిపోయి, ఏడుపులాంటి నాలుగు మాటలు వినిపించాయి.

"అయ్యో. అమ్మమ్మగారూ, క్షమించండి. ఏం చేశాను నేను."

టేపు అక్కడ టక్కున ఆగింది. తాతయ్య తల ఊపి, కళ్ళు తుడుచుకోవడానికి లోపలికి వెళ్ళాడు.

"బెల్టు అబద్ధం మర్చిపోవడానికి నాకు కొన్నాళ్ళు పడుతుంది," అంది అమ్మాయి.

"పట్టాలండీ."

"రేపు అయిదింటికి షాపు మూసేస్తాను." ఆమె టేపును జాగ్రత్తగా రీలుకి చుట్టి డబ్బాలో పెట్టింది. "కాఫీ చవకదైనా పర్లేదు."