ఫిన్లాండ్ చుక్క

"ఏటి, నా సైకిల్‌కి బ్రేకులేశావా, ఫొటోలే తీశావా?"

డోర్కాస్ కొట్లోకి వస్తూనే నిలదీసింది. సైకిల్ ముందు బోర్లా పడుకుని ఫొటో తీస్తున్న విన్సెంట్ గబుక్కున లేచాడు. మోకాళ్లకు గ్రీజు, ముక్కుకీ గ్రీజు.

భిలాయి క్యాంప్ 2లో ఆ సైకిల్ కొట్టు విన్సెంట్ నాన్న సొలొమోనుది. స్టీల్ ప్లాంటులో రిటైరయ్యాక పెట్టాడు. విన్సెంట్‌కి పంక్చర్లు వేయడం కన్నా సైకిళ్ల మీద రాయడం ఇష్టం. 'మన సైకిళ్లు' అని తెలుగులో ఓ బ్లాగు నడుపుతున్నాడు. షిఫ్టు మారే వేళ గేటు దగ్గర సైకిళ్లు, హ్యాండిళ్లకు వేలాడే టిఫిన్ డబ్బాలు, వాటిని తొక్కే మనుషులు, అన్నీ అందులో ఉంటాయి. రోజూ సాయంత్రం పవర్ హౌస్ బజారులోని నెట్ కేఫ్‌లో కూర్చుని రాస్తాడు.

"బ్రేకులూ వేశాను, ఫొటోలూ తీశాను. నీ సైకిల్ ఫిన్లాండ్ దాకా వెళ్తుంది, తెలుసా?"

"ఫిన్లాండా! అక్కడెవరున్నార్రా బాబూ నీకు?"

విన్సెంట్‌కి కావలసింది ఆ ప్రశ్నే. బ్లాగు పక్కన చిన్న ప్రపంచపటం ఉంటుంది. ఎవరు ఎక్కడ చదివినా అక్కడ ఎర్రచుక్క పడుతుంది. భిలాయి చుక్క తనదే. అమెరికా చుక్కలు చాలానే ఉన్నాయిగాని, దేనికోసమో వెతుకుతూ దారి తప్పి వచ్చి గుమ్మంలోంచే వెనక్కి పోయేవి. ఫిన్లాండ్ చుక్క మాత్రం వచ్చిందంటే పావుగంట కూర్చుంటుంది. దానికి విన్సెంట్ అప్పుడే తెల్లగడ్డం పెట్టి, స్వెట్టర్ తొడిగి, తాతని చేసేశాడు.

"మంచులో పాపం సైకిల్ తొక్కలేడు కదా, రోజూ లంచ్ టైముకి నా బ్లాగు తెరుస్తాడు."

"లంచ్ టైముకా?" డోర్కాస్ నవ్వబోయి ఆగింది.

"మన లంచ్ టైమే. కానీ తెలుగు రాదు కదా, ఫొటోలే చూస్తుంటాడు. అందుకే ఇక ఇంగ్లీషులో రాద్దామనుకుంటున్నాను."

"తెలుగు మానేస్తావా?"

"తెలుగులో ఎవరు చదువుతున్నారు? నువ్వు చదువుతావా?"

డోర్కాస్ మొహం చిన్నబోయింది. "నాకేటి పని?" అని సైకిల్ లాక్కుని బయటికి నడిచింది.

అది వాళ్ల నాన్న సైకిల్. ఆయన పోయాక తనే తొక్కుతోంది. ముందు బారు మీద చిన్నపిల్లలు కూర్చునే బుల్లి సీటు ఇంకా అలాగే ఉంది. వాన మొదలైంది. గొడుగు తీసుకెళ్లమని అనబోయాడు విన్సెంట్. చాలాకాలంగా ఇంకో మాట కూడా అనబోతూనే ఉన్నాడు. ఎప్పుడూ బ్రేకుల సంగతే నోటికొస్తుంది.

ఆ సాయంత్రమే ఇంగ్లీషులో రాశాడు. మర్నాడు ఫిన్లాండ్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వారం గడిచింది. ఇంగ్లీషు పుణ్యమా అని కొత్త దేశాల చుక్కలు బోలెడు పడ్డాయి. ఒక్కటీ నిలవలేదు. విన్సెంట్‌కి అన్నం సహించలేదు. తాతకి ఒంట్లో బాగోలేదేమోనని బెంగపెట్టుకున్నాడు. డోర్కాస్ కూడా కొట్టు వైపు రావడం లేదు. ఆ బెంగ ఎవరికీ చెప్పుకోలేడు.

పాత లెక్కలు తిరగేశాడు. ఫిన్లాండ్ ఆదివారాలు రాదు, సరే. నిరుడు నుంచీ మామూలు రోజుల్లో మానింది చాలా తక్కువ. అందులో ఒకటి పోయిన నెల విశ్వకర్మ పూజ.

"నాన్నా, ఫిన్లాండ్‌లో విశ్వకర్మ పూజ చేస్తారా?"

సొలొమోను చేతిలో పానా కింద పెట్టాడు. "బుర్ర గాని పోయిందేట్రా? చర్చికెళ్లేవోళ్లం, మనమే ఆ రోజు కొట్టు మూస్తాం. భిలాయిలో మిషను తిరిగే చోటల్లా సెలవే. మన డోర్కాస్ వాళ్ల రష్యన్ ఆఫీసుక్కూడా సెలవిచ్చేశారు. పిల్ల బూందీ తెచ్చింది, నువ్వే తిన్నావు."

విన్సెంట్ లేచి నిలబడ్డాడు. భిలాయిలో తెల్లవాడు కనబడితే రష్యన్ అనేయడమే అలవాటు. ప్లాంటు కట్టడానికి వచ్చినవాళ్లు వాళ్లే కదా. డోర్కాస్ పనిచేసే ఆఫీసునీ క్యాంపంతా రష్యన్ ఆఫీసనే అంటుంది. ఆ బోర్డు మీద ఏం రాసుందో విన్సెంట్ ఏనాడూ చదవలేదు.

ఆ మధ్యాహ్నం వెళ్లి చదివాడు. అడుగున చిన్న అక్షరాల్లో హెల్సింకి, ఫిన్లాండ్ అని ఉంది. టిఫిన్ డబ్బాతో బయటికొస్తున్న డోర్కాస్ అతన్ని చూసి మెట్ల మీదే ఆగిపోయింది.

"తాతా, ఒంట్లో బాగుందా?" అన్నాడు.

డోర్కాస్ తల దించుకుంది. "మా నెట్టంతా హెడ్డాఫీసు మీంచి తిరిగొస్తాదట. ఇక్కడ చదివితే చుక్క అక్కడ పడతాది. ఆ రోజు నువ్వు చెప్తే గాని నాకూ తెలీదు."

"అప్పుడే చెప్పొచ్చు కదా!"

"ఏటని చెప్పను? నీ ఫిన్లాండ్ తాత గురించి చెప్తుంటే నీ మొహం వెలిగిపోతంది. అది నేనేనంటే ఆ వెలుగు పోతాదేమోనని బయమేసింది."

విన్సెంట్ ఓ మెట్టు ఎక్కాడు. డోర్కాస్ చెప్పుకుపోయింది.

"ఇస్కూల్లో అంతా హిందీయే. తెలుగు నాన్నే నేర్పాడు, బైబిల్ ముందెట్టి. ఆ బుల్లి సీటు ఎందుకు తీయలేదో నేనెవరికీ చెప్పనేదు. అది తీసేస్తే నాన్న నిజంగా పోయినట్టేనని నువ్వు రాసేశావు. ఆ రోజు డబ్బా ఇప్పనేకపోయాను. అప్పట్నించీ రోజూ చదూతున్నాను. నువ్వేమో తెలుగు మానేస్తానన్నావు."

"మాననే, ఒట్టు. నాకు ఫిన్లాండూ వద్దు, అమెరికా వద్దు. నువ్వు చదివితే చాలు. నువ్వే కావాలి, డోర్కాస్."

"నెమ్మదిరా, లోపల సాబ్‌లు చూస్తన్నారు," అంది. కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

క్రిస్మస్‌కి ముందే ప్రాజెక్టు అయిపోయింది. ఆఫీసు మూసేశారు, పటం మీద ఫిన్లాండ్ చుక్క ఆరిపోయింది. "పాస్టరు గారితో పెళ్లి సంగతి మాటాడనా, ఇంకో చుక్క కోసం చూస్తావా?" అన్నాడు సొలొమోను కొడుకుతో. మర్నాడు తనే వెళ్లి మాట్లాడొచ్చాడు.

ఆ సాయంత్రం నెట్ కేఫ్‌లో ఒక్క కుర్చీలోనే ఇద్దరూ సర్దుకుని కొత్త టపా చదువుతున్నారు. తెలుగులోనే రాశాడు.

డోర్కాస్ స్క్రీన్ మీది పటంలో ఫిన్లాండ్ చోట వేలు పెట్టింది. "చూడు, నీకో రీడరు తగ్గిపోయాడు. బాధగా ఉందా?"

"చాలా," అన్నాడు విన్సెంట్. "కొంచెం ఇటు జరుగు, పడిపోతావు."