రెండో బ్యాకప్ ఫోన్

జనగామ బస్టాండులో ఆ ఉదయం ఒక్క బస్సు లేదు. సకల జనుల సమ్మె. డిపో గేటుకు తాళం, ప్లాట్‌ఫారాల మీద కుక్కలు. రోడ్డు మీద కనిపించిన ప్రతి మనిషి నోటి ముందూ టీవీ వాళ్లు మైకు పెడుతున్న రోజులవి. టీ కొట్టు దగ్గర నిలబడ్డ దేవేందర్ ముందూ ఒకటి పెట్టారు. ఏదో అడిగి వెళ్లిపోయారు. అతను టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. పెట్టి, తాను కింద పడ్డాడు. మళ్లీ లేవలేదు.

అంతకు కాసేపటి ముందే అతను ఎదురుగా ఉన్న రీఛార్జ్ కొట్టులోకి వచ్చాడు. స్క్రీన్ పగిలిన పాత స్మార్ట్‌ఫోన్ ఒకటి కౌంటర్ మీద పెట్టి, కొట్టు నడిపే కమలాబాయితో మెల్లగా అన్నాడు.

“అక్కా, సర్వపిండి మాడుతున్నది.”

అది తోటి గూఢచారుల కోడ్. ఫోన్ శత్రువుది, ఏ క్షణమైనా ఆగిపోతుంది అని దాని అర్థం.

కమలాబాయిది నర్మెట్ట దగ్గర ఒక తండా. పదో తరగతి తప్పింది. జనగామకంతటికీ ఆమె రీఛార్జ్ అక్క. ఢిల్లీలో ఒక ఫైలుకు మాత్రమే ఏజెంట్ పదకొండు. పిస్టల్ కన్నా ఆమె ఎక్కువగా వాడే ఆయుధం భయం. తలుపు గాలికి కొట్టుకుంటే దొంగ అనుకుంటుంది. ఫోన్ మోగితే చావు కబురు అనుకుంటుంది. మానుకోటలో డిగ్రీ చదివే కొడుకు వెంకట్ ఫోన్ ఎత్తడం ఆలస్యమైతే, ఏ దవాఖానకు పోవాలో, తోడు ఎవరిని తీసుకుపోవాలో అన్నీ మనసులో సర్దుకుంటుంది. అంతలో వాడు ఎత్తి “ఏందే?” అంటాడు.

దేవేందర్ పడిపోవడం కౌంటర్ వెనక నుంచి చూసింది. పరుగెత్తుదామని కాళ్లు లేచాయి. చేతులు మాత్రం ఫోన్ వదల్లేదు.

వెనక తలుపులోంచి ఆమె పై అధికారి సారయ్య వచ్చాడు.

“దేవేందర్ తమ్ముడు?”

“పోయిండు. విషం. గదుమ కింద సూది గుర్తున్నది. ఏడ్సుడు తర్వాత కమలా. ముందు డేటా.”

పాత ఫోన్ చార్జింగ్ పిన్ విరిగింది. బ్యాటరీ పూరీలా ఉబ్బింది. ఒకసారి ఆఫ్ అయితే మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. చార్జింగ్ పెట్టే దారి చూద్దామంటే అసలు కరెంటే లేదు, బొగ్గుబావుల సమ్మెతో ఊళ్లన్నిటికీ కోతలు. ఉన్నది ఒకటే దారి. అందులోని డేటా మొత్తం బ్లూటూత్‌తో ఒక బ్యాకప్ ఫోన్‌లోకి మార్చాలి.

కమలాబాయి కొత్త ఫోన్ తీసి బ్యాటరీ వేసింది. అది టైమ్ అడిగింది. అలవాటుగా పదిహేను నిమిషాలు ముందుకు పెట్టింది. గోడ గడియారమూ అంతే, ఆమె చేతి గడియారమూ అంతే.

“మళ్ల ముందుకు పెట్టినవా?” అన్నాడు సారయ్య.

“ఉండనీ సార్. లేటయితే ఏం జరుగుతదో ఎవలకెరుక?”

“నీ కొట్టుకొస్తే నా వయసు సుత పెరుగుతది.”

రెండు ఫోన్లు జత కలిశాయి. ముందు నంబర్లు, తర్వాత మెసేజ్‌లు, ఫోటోలు. స్క్రీన్ మీద నీలం గీత నత్తలా పాకుతోంది. సారయ్య బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

ముఠా పేరు కోబాల్ట్. పరాయి దేశపు బొగ్గు వ్యాపారులు. వాళ్ల ఓడలు రేవులో సరుకుతో ఎదురుచూస్తున్నాయి. సమ్మె సాగినన్నాళ్లు వాళ్ల బొగ్గు బంగారం ధర పలుకుతుంది. ఉద్యమంలో ఒక్క చోట రక్తం పారితే ఈ సమ్మె ఇప్పట్లో ఆగదు. భూపాలపల్లి దగ్గర ఒక క్వారీ గోదాం నుంచి పేలుడు పదార్థాలు ఇప్పటికే మాయమయ్యాయి. ఎక్కడ పేలుస్తారన్నదే తెలియదు.

“నాకు తెలుసు,” అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

నల్ల కళ్లద్దాలు, ఇస్త్రీ చెదరని కాటన్ చీర, చేతిలో ఎర్ర స్పాంజి మైకు. శిరీష. లోకానికి టీవీ రిపోర్టర్. కోబాల్ట్‌కు నమ్మిన మనిషి. సారయ్యకు ఆ ముఠా లోపలి కబుర్లు మోసే డబుల్ ఏజెంట్.

“భూపాలపల్లి పవర్‌హౌస్ గేటు. ఈ సాయంత్రం. నన్ను నమ్మండి సార్,” అని ఒక నవ్వు వదిలి, బయట ఆగిన కారెక్కి వెళ్లిపోయింది. అత్తరు వాసన కొట్టులో ఉండిపోయింది.

“సార్, ఆమె మైకు చూసిండ్రా? తమ్ముని ముందట సుత మైకే పెట్టిండ్రు.”

“జిల్లాల ఎన్ని మైకులున్నయో తెలుసా? నీకు పాలోడు సుత గూఢచారి లెక్కనే కనబడ్తడు.”

అది నిజమే. పోయిన నెల ఆమె పాలవాడి మీద రిపోర్టు పంపింది. అందుకే మైకు మాట వదిలేసింది.

“ఇయ్యాల మానుకోటల పట్టాల మీద వంటావార్పు ఉన్నది సార్. వేలమంది ఒక్కతాన కూసొని తింటరు. నాకు భయమైతున్నది.”

“నీకెప్పుడు కాదు?”

“నేను మానుకోట పోత.”

“కొడుకు కోసమా, దేశం కోసమా?”

“రెండిటికీ ఒకటే తొవ్వ సార్.”

సారయ్య జేబులోంచి మెమరీ కార్డు తీశాడు. “పో. మా బలగమంతా భూపాలపల్లి పోతది. ఫోన్ నీ దగ్గర్నే ఉండనీ, కాపీ నాకు మెమరీ కార్డుల ఎక్కించియ్యి.”

నీలం గీత చివరికి చేరింది. ఆఖరున ‘క్యాలెండర్, ఒక ఐటమ్’ అని కనిపించి, అది కూడా దాటగానే పాత ఫోన్ నల్లబడింది. నంబర్లు, ఫోటోలు చూసే తొందరలో ఆ ఒక్క ఐటమ్‌ను ఇద్దరిలో ఎవరూ తెరవలేదు.

కమలాబాయి వేషం మార్చింది. అద్దాల కుట్టుతో రవిక, ఘాగ్రా, మొహం మీదికి జారే ఓణీ, మోచేయి దాకా తెల్లని లావు గాజులు. ఒక గాజులో సిగ్నల్ జామర్. డిపార్ట్‌మెంట్ రికార్డులో దాన్ని మారువేషం అని రాసుకున్నారు. ఆమె తల్లి రోజూ కట్టుకున్న బట్టలవి.

టీవీఎస్ బండి మీద పాలకుర్తి దాటింది. రోడ్డుకు అడ్డంగా చెట్ల కొమ్మలు, కాలిన టైర్లు. తొర్రూరులో ఆగి కొడుక్కు ఫోన్ చేసింది.

“తిన్నవా?”

“అమ్మా, పొద్దుగాల నుంచి గిదే అడుగుతున్నవ్.”

“మంది ఎక్కువున్నరా?”

“రైల్‌రోకోల మందిగాక ఏముంటదే?”

“పట్టాల మీద కూసోకు బిడ్డా.”

“రైళ్లే వస్తలేవమ్మా. మేం కూసున్నందుకే వస్తలేవు.”

వాడి నవ్వు విని ఆమెకు ఇంకా భయమేసింది. యాక్సిలరేటర్ చివరి దాకా తిప్పింది.

మానుకోట స్టేషన్ దగ్గర పట్టాల పొడుగునా పొయ్యిలు. గుండిగల్లో అన్నం ఉడుకుతోంది. జెండాలు, డప్పులు, పొగ. వెంకట్ అవతల పట్టాల మధ్య కూర్చుని విస్తర్లు దులుపుతున్నాడు. వాడికి కనిపించకుండా ఓణీ కిందికి లాక్కుంది. గాజు తిప్పి జామర్ ఆన్ చేసింది. చుట్టుపక్కల సెల్‌ఫోన్లన్నీ మూగబోయాయి. ఇక ఏ దొంగ కాల్‌తోనూ ఇక్కడ బాంబు పేలదు. పొద్దుటి నుంచి మొదటిసారి ఊపిరి పూర్తిగా తీసుకుంది.

అప్పుడే సంచిలో బ్యాకప్ ఫోన్ మోగింది.

కాల్ కాదు. క్యాలెండర్ రిమైండర్. తెరవకుండా వదిలేసిన ఆ ఒక్క ఐటమ్. ‘రెండు గంటలు. భోజనాలు. మనవాళ్లు దూరం.’

స్టేషన్ గడియారం రెండుకు పావు తక్కువ చూపిస్తోంది.

కమలాబాయి పావుగంట ముందుకు పెట్టిన ఫోన్ అది. స్క్రీన్ పగిలిన ఫోన్‌ను ఎవరూ అట్లాగే వాడరు. అందులోవన్నీ ముందు వేరే ఫోన్‌లోకి వేయించుకుంటారు. రోజూ కొట్టులో ఆమె చేసే పని అదే. ముఠా కూడా అదే చేసి ఉంటుంది. అంటే ఇంకొక బ్యాకప్ ఫోన్ ఉంది. అందులోనూ ఇదే రిమైండర్, సరైన రెండు గంటలకు మోగుతుంది. బాంబుకు ఆ మోత చాలు. దానికి సిమ్ అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు. గాజులోని జామర్ దాన్ని ఏమీ చేయలేదు.

బాంబు అని అరిస్తే తొక్కిసలాట. అందులో పడేవాళ్లలో వెంకట్ ఉంటాడు. పరుగెత్తకుండా పరుగెత్తింది. ఒక్కొక్క పొయ్యి, ఒక్కొక్క గిన్నె. ప్రతి గిన్నె అంచున చుక్కలతో కొట్టించిన పేర్లు. ఓదెమ్మ. బాలనర్సయ్య. చాంద్యా. ఎవరింటి గిన్నె వాళ్లకు తిరిగి చేరాలి కదా, పేరు లేకుండా పంక్తికి గిన్నె ఇచ్చేవాళ్లు ఈ దిక్కున లేరు.

చివరి పొయ్యి పక్కన పెద్ద స్టీలు గిన్నె, మూతికి గుడ్డ కట్టి ఉంది. కమలాబాయి చుట్టూ తడిమింది. అంచు నున్నగా ఉంది.

“గిది ఎవలదవ్వా?”

వంట చూస్తున్న కొమురవ్వ తెడ్డు ఆపింది. “టీవీల చెప్పే పిల్ల ఇచ్చిపోయింది బిడ్డా. పెరుగట. అన్నాలయేటి దాక మూత తీయొద్దన్నది.”

“పేరు లేదేందవ్వా?”

“పట్నపోళ్లు కొట్టియ్యరేమో. మనమెందుకు అడుగుతం, పెరుగు ఇయ్యడమే ఎక్కువ.”

కమలాబాయి గిన్నె నెత్తికెత్తుకుంది. బరువు పెరుగుది కాదు. రైలు కట్ట దిగువన, జనానికి దూరంగా, ఎండిన కల్వర్టు ఉంది. కుదుపు లేకుండా నడిచింది. వెనక నుంచి వెంకట్ గొంతు వినిపించింది.

“ఓ అవ్వా, పెరుగు ఎటు తీస్కపోతున్నవ్?”

ఆమె తిరగలేదు. తిరిగితే నడక ఆగిపోతుందని తెలుసు.

కట్ట కింద నల్ల కళ్లద్దాలు ఎదురొచ్చాయి.

“అక్కా, ఒక్క బైట్,” అంది శిరీష తియ్యగా.

కమలాబాయి రెండు చేతులూ గిన్నె మీద ఉన్నాయి. ఎర్ర స్పాంజి గదుమ వైపు వచ్చింది. దేవేందర్ గదుమ కళ్లముందు మెదిలింది. కుడి మోచేయి అడ్డం పెట్టింది. స్పాంజిలోంచి దూసుకొచ్చిన సూది లావు గాజుకు తగిలి టిక్కుమని విరిగింది. శిరీష రెండో చేయి సంచిలోకి పోయేలోపు ఆ మణికట్టు మీద తెడ్డు పడింది.

“పెరుగిచ్చుడెందుకు, సూదులు పొడుసుడెందుకే?” గిన్నె వెనకే వచ్చిన కొమురవ్వ రెండో దెబ్బకు తెడ్డు లేపింది. శిరీష కళ్లద్దాలు కంకరలో పడ్డాయి.

“అవ్వా, ఈ పిల్లను పట్టుకొని పైకి పో. మళ్ల దిగిరాకు.”

కల్వర్టులో గుడ్డ విప్పింది. పేలుడు కడ్డీలు, వాటి మీద టేపుతో బిగించిన ఫోన్. టైమ్ ఒకటీ యాభై తొమ్మిది. రెండు తీగలూ ఎర్రవే. ఏది లాగినా పేలుతుందేమో. బ్యాటరీ తీసినా పేలుతుందేమో. ఎంత చెడ్డది జరగగలదో అదంతా ఆమె మెదడు ఒక్క ఊపిరిలో చూపించింది. ఏమీ లాగొద్దు, ఏమీ తీయొద్దు అని కూడా ఆ భయమే చెప్పింది.

మెనూ. క్లాక్. సెట్టింగ్స్. టైమ్. ఆ దారి ఆమె బొటనవేలికి కంఠతా వచ్చు. జీవితమంతా గడియారాలను ముందుకు జరిపిన వేలు మొదటిసారి వెనక్కి జరిపింది. ఒంటిగంట. పన్నెండు. పదకొండు. పది. ఓకే నొక్కింది.

స్క్రీన్ మీద ఉదయం పదీ యాభై తొమ్మిది. ఏదీ మోగలేదు. కట్ట మీద డప్పులు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. జామర్ ఆపి, గాజులు గలగలమంటుంటే స్థానిక పోలీసులకు కోడ్ పంపింది.

కాసేపటికి భూపాలపల్లి నుంచి సారయ్య ఫోన్.

“మోసపోయినం కమలా. ఇక్కడ ఏం లేదు. శిరీష మన మనిషి కాదు. నువ్వు జర ఆ వంటావార్పు దిక్కు…”

“అయిపోయింది సార్.”

“ఎప్పుడు?”

“అసలు టైమ్ చెప్పాల్నా, నా టైమ్ చెప్పాల్నా?”

“నీ టైమే చెప్పు. నా గడియారం సుత దిద్దుకుంట,” అన్నాడు.

బాంబు స్క్వాడ్ కల్వర్టు దగ్గరికి దిగాక ఆమె కట్టెక్కింది. కొడుక్కు పది అడుగుల వెనక, ఓణీ మాటున నిలబడింది. ఫోన్ మోగింది. వాడే.

“అమ్మా, ఇక్కడ లొల్లి లొల్లి అయింది. ఎవలో ముసలామె పెరుగు గిన్నె ఎత్తుకపోయింది. టీవీ ఆమెను పోలీసులు పట్టుకపోయిండ్రు. ఏం సమజైతలేదు.”

ముసలామె అన్నందుకు కొంచెం నొచ్చుకుంది. “గట్లనా? నువ్వు తిన్నవా?”

“లేదే. అన్నం ఇంక ఉడుకుతనే ఉన్నది.”

కొడుకు ఆకలితో ఉన్నాడని విని కమలాబాయి సంతోషపడటం అదే మొదటిసారి.