అక్క మంచం గీత

మధ్యాహ్నం నుంచీ వాన. ఆస్పత్రి కిటికీలన్నీ మూసేయడంతో వరండా నిండా ఫినాయిలు వాసనా తడి చెప్పుల వాసనా కలిసి ముక్కు పట్టేశాయి. నర్సమ్మ బల్లకి ఎదురుగా గోడ మీద పెద్ద తెర. తెర మీద ఒక వెబ్ పేజీ, పేజీ నిండా చార్టు, చార్టులో మంచానికో గీత. మంచం పక్కనున్న యంత్రం గుండె కొట్టుకోవడాన్ని అంకెలుగా పంపుతుంది. పేజీ ఆ అంకెల్ని రెప్పపాటుకోసారి తెచ్చుకుని గీత కొసన అతికిస్తుంది. పేజీని ఎవరూ మళ్ళీ తెరవక్కర్లేదు. గీత దానంతటదే పాకుతూ పోతుంది.

ఆ పేజీ తయారుచేసిన మనిషిని ఆఫీసులో గీతలమ్మ అంటారు, వెక్కిరింపుగానే. ఆమె పట్టించుకోదు. వెక్కిరించేవాళ్ళలో ఒక్కడికీ ఆ పని చేతకాదు మరి. ఆమెకి నా అనేవాళ్ళు ఒక్క అక్కే. తల్లి పోయాక జడ వేసి, అన్నం పెట్టి, మాట వినకపోతే చెంప పగలగొట్టి పెంచిన అక్క. ఇప్పుడు చివరి గదిలో వేలికి ఆ యంత్రం క్లిప్పు పెట్టించుకుని పడుకుని ఉంది.

"మీ అక్క గీత చూడవే, నాట్యం చేస్తోంది," అంది నర్సమ్మ.

"మా అక్క కదా. మంచాన పడ్డా ఊరుకోదు."

ఇద్దరూ నవ్వుకున్నారు.

నవ్వుతూ నవ్వుతూనే గీతలమ్మ ఆగిపోయింది. గీతలో ఒక ఎత్తు, పక్కనే ఒక సొట్ట. కాసేపటికి మళ్ళీ అదే ఎత్తు... దాదాపు అదే సొట్ట.

పాతవే తిరిగొస్తున్నాయి.

ఆ పని తనదే. అప్పట్లో పేజీ కొనేవాళ్ళు చూడ్డానికి వస్తున్నారని మేనేజరు నెత్తినెక్కి కూర్చున్నాడు. "మధ్యలో అంకెలు రాకపోతే గీత తెగిపోతుందా? ఛీ, చచ్చిన పేజీలా ఉంటుంది! ఏదో ఒకటి పెట్టి ఆడించు," అన్నాడు. ఆమె ఆడించింది. అంకెలు రాకపోతే పాతవాటినే తీసుకుని, కాస్త అటూ ఇటూ కదిపి గీయమని ప్రోగ్రాములో నాలుగు వరసలు రాసింది. వాళ్ళు చూసి వెళ్ళాక తీసేద్దామనుకుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళంతా అలాగే అనుకుంటారు. తీసేసిన మహాత్ములెవరో ఇంకా పుట్టాలి.

పరిగెత్తింది.

క్లిప్పు నేల మీద పడి ఉంది. అక్క కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. ఒళ్ళు ఎప్పుడో చల్లబడిపోయింది. నర్సమ్మని పిలిచే గంట కోసం చాచిన చెయ్యి, జానెడు దూరంలో అలాగే బిగుసుకుపోయి ఉంది. మధ్యాహ్నం నుంచీ వరండాలో తాము నవ్వుకుంటున్న నవ్వులు ఈ గదిలోకి బాగా వినిపించి ఉంటాయి.

గీతలమ్మ ఏడవలేదు. ముందు, నర్సమ్మ డాక్టరు కోసం పరిగెత్తగానే బల్ల మీది కంప్యూటరు దగ్గరకొచ్చి, ఎవరూ చూడకుండా ఆ నాలుగు వరసలూ చెరిపేసింది. తెర మీద అక్క గీత పుటుక్కున తెగింది. ఆ తర్వాత ఏడిచింది.

డాక్టరు వచ్చాడు, చూశాడు, పోయిందన్నాడు. యంత్రం ప్లగ్గు నర్సమ్మే పీకి తీగ చుట్టేసింది. అక్కని ఎక్కించిన స్ట్రెచరు వరండాలోకి వచ్చింది. అప్పుడు...

తెగిన చోటు నుంచి గీత మళ్ళీ మొదలయింది.

"ఏమిటే ఇది?" నర్సమ్మ గొంతు గుసగుసలోకి దిగింది. "అంకెలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?"

గీతలమ్మ చూసింది. అక్క మంచం నుంచే.

"డాక్టర్ని మళ్ళీ పిలవనా? చెప్పవే. ప్రాణం ఉందేమో!"

పిలిస్తే పేజీని విప్పి చూస్తారు. ఇందాక గీతని ఆడించిందెవరో బయటపడుతుంది.

"వద్దు," అంది. "పేజీలో తప్పు. అబద్ధపు గీత అది. తీసుకెళ్ళమనండి."

స్ట్రెచరు తోసేవాళ్ళు అక్క ముఖం మీద దుప్పటి కప్పారు. గీత నిలువునా లేచింది.

దుప్పటి జారింది. గీత దిగింది.

మళ్ళీ కప్పారు... మళ్ళీ లేచింది.

నర్సమ్మ గోడకి అతుక్కుపోయింది. గీతలమ్మ అంతా చూసింది. చూసి, స్ట్రెచరు వెళ్ళడానికి పక్కకి తప్పుకుంది.

వరండా చివర మార్చురీ తలుపు మూసిన చప్పుడు. గీత తెర పైఅంచు దాకా ఎగిరింది. గిలగిలా కొట్టుకుంది. చాలాసేపు. తర్వాత మెల్లగా సర్దుకుంది. ఇప్పుడది గుండె కొట్టుకున్నట్టు లేదు. రెండు ఎత్తులు... ఆగి... రెండు ఎత్తులు. లోపలినుంచి తలుపు తట్టినట్టు.

"వెళ్ళి తియ్యవే," నర్సమ్మ గొణిగింది. "నీ అక్కే కదా..."

"పేజీలో తప్పంటున్నానా!"

తెర తీగ పీకబోయింది. చెయ్యి పడేలోపే అక్క గీత ఆగిపోయింది. పూర్తిగా. గీతలమ్మ ఊపిరి వదిలింది.

అప్పుడు పక్క గది మంచం గీతలో... రెండు ఎత్తులు. ఆగి... రెండు.

ఆ మంచం మీది ముసలాయనకి నోరు పడిపోయి చాలా కాలమైంది. కాళ్ళూ రావు. ఆ గదిలో మంచం కిర్రుమంది. ఆయన గొంతు స్పష్టంగా, ఎంతో ఆప్యాయంగా వినిపించింది.

"వస్తున్నా తల్లీ... తలుపు తీస్తున్నా ఉండు..."