బెంచీల విమానం

1998. ధవళేశ్వరం ఇరిగేషన్ బంగళాలో ఫ్యాను తిరుగుతున్నా ఏజెంట్ ఉదయభాస్కర్‌కి చెమటలు ఆగడం లేదు. బల్ల మీద చిట్టియ్య ఫొటో ఉంది. నిన్నటిదాకా ఇద్దరూ ఒకే విభాగంలో పనిచేశారు. ఇవాళ చిట్టియ్య నరసాపురం మార్చురీలో ఉన్నాడు.

"పీక నులిమేశారు," అన్నాడు చీఫ్ జానకిరామ్. "చివరి మెసేజ్‌లో ఒక్క మాటే పంపాడు. ఏ వేరియంటో కనుక్కోండి అని."

"దేని వేరియంట్ సర్?"

"సముద్రం దగ్గరి లంకలో, బురదలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబర్ కూలి ఉంది. చరిత్రకారులమని చెప్పుకుంటూ ఒక విదేశీ టీమ్ దాన్ని తవ్వుతోంది. పేలని బాంబులున్నాయని పోలీసుల్ని దూరం పంపించేశారు. పక్కనే గ్యాస్ పైప్‌లైన్. దాన్నానుకునే జాలర్ల ఊరు. టీమ్‌లో దుబాసీ సూర్యకళ మన ఇన్‌ఫార్మర్. కోడ్‌వర్డ్ 'తెల్ల లేసు'."

భాస్కర్ లేసు బేరగాడి వేషంలో ఆ ఊళ్లో దిగాడు. సంచి పిడిలో కెమెరా, గొడుగు కర్రలో వైర్ కట్టర్. ఆ రోజు మహాలయ అమావాస్య. ఎవరూ వేటకి వెళ్లలేదు. ఊరంతా ఇళ్లలోనే ఉంది.

ఒక గుమ్మం ముందు నూకరత్నం అనే ముసలామె పొడుగాటి అల్యూమినియం బెంచీ మీద విస్తళ్లు వేసి, అన్నం, చేపల పులుసు వడ్డిస్తోంది.

"ఎవరికండి?"

"విమానం పిల్లలకండి. పెద్దలకి పెట్టే రోజు కదా, ఆళ్లకెవరున్నారు? మా నాన్నే బురదలోంచి తీసి పూడ్చాడు. బళ్లో కూచున్నట్టు బెంచీల మీద వరసగా ఉన్నారంట. మీసాలన్నా రాలేదంట."

"బాంబులు?"

"బాంబులేంటండీ? అన్నీ బెంచీలే. ఇది అందులోదే."

భాస్కర్‌కి విషయం తట్టింది. అది ట్రైనింగ్ వేరియంట్. బాంబులుండాల్సిన చోట కుర్రాళ్లకి పాఠం చెప్పే సీట్లు బిగించిన అరుదైన రకం. మరి టీమ్ చెబుతున్న బాంబులో? ఇప్పుడు పెట్టినవే. పైప్‌లైన్ పేలితే నింద పాత యుద్ధం మీదికి పోతుంది. ఊరు బూడిదవుతుంది.

మోకాలి లోతు బురదలో నడిచి విమానం పొట్టలో దూరాడు. పట్టపగలే అక్కడ చీకటి. మిగిలిపోయిన బెంచీ కింద పెట్టె, దాని మీద టైమర్.

"తెల్ల లేసు," అంది వెనక ఒక ఆడ గొంతు.

భాస్కర్ ఊపిరి పీల్చుకుని తిరిగాడు. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు వాసన, చేతిలో సైలెన్సర్ పిస్టల్. సూర్యకళ.

"చిట్టియ్యని చంపింది నువ్వేనా?"

"నన్ను నమ్మాడు పాపం. టైమర్ మీద ఇంకా రెండు నిమిషాలుంది. నిన్ను కాల్చి వెళ్లడానికి చాలు."

అప్పుడు ఆమె వెనక చీకట్లోంచి లేత గొంతులు ఒక్కసారిగా పలికాయి. "యెస్ సర్."

సూర్యకళ గిరుక్కున తిరిగింది. "ఎవరది?"

"క్లాసు జరుగుతోంది," అంటూ గొడుగుతో ఆమె మణికట్టు మీద కొట్టాడు భాస్కర్. పెనుగులాటలో పిస్టల్ బురదలో పడింది. ఆమె చేతులకి సంకెళ్లు పడి, కట్టర్ వైరు దాకా చేరేసరికి మిగిలింది ఒక్క సెకను. కత్తిరించాడు.

అప్పుడు వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. బురదలో తమ ఇద్దరివి తప్ప వేరే అడుగుల గుర్తులు కూడా లేవు. ఎన్నో ఏళ్ల తరువాత భాస్కర్‌కి నిజంగా భయం వేసింది.

సాయంత్రానికి టీమ్ అంతా అరెస్టయింది. చీఫ్ లంకకి వచ్చాడు. నూకరత్నం ఇంటి ముందు బెంచీ చివర కొత్తగా ఇంకో విస్తరి ఉంది. అది చిట్టియ్యకి. భాస్కర్ అడిగి వేయించాడు.

"ఈ బెంచీ సాక్ష్యం. రాజమండ్రి పంపించు," అన్నాడు చీఫ్.

"పట్టుకెళ్లిపోతే పిల్లలెక్కడ కూచుంటారండి?" అంది నూకరత్నం.

చీఫ్ భాస్కర్ వైపు తిరిగాడు. "మరి రిపోర్టులో ఏం రాయమంటావు?"

"బెంచీ ఖాళీ లేదని రాయండి సర్."